జేబు మీద నీలం అక్షరాలు

ముందే చెప్పుకుంటున్నాను, నా రాతలో తప్పులుంటాయి. ఎక్కడ వత్తు పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో నాకు ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు. యాభై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని. ఒక పేజీ రాయడానికి నాకు రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజుల్లో ఇరవై గౌన్లు కుట్టేస్తాను. మా పంతులమ్మ ఒకసారి చదివి ఎర్ర పెన్నుతో దిద్దింది. ఇంకా మిగిలిన తప్పులు నావే గానీ ఆవిడవి కావు. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నేను ఇరవై ఏడేళ్ళు ఒక పెద్ద ఆస్పత్రి కుట్టుగదిలో పనిచేశాను. కుట్టుగది కింది అంతస్తులో, బాయిలర్ గది పక్కన ఉండేది. కిటికీలు కప్పుకి ఆనుకుని ఉండేవి. వాటిలోంచి బయట నడిచేవాళ్ళ కాళ్ళే కనిపించేవి, మొహాలు కనపడేవి కావు. ఏ డాక్టరు గారు వస్తున్నారో బూట్లని బట్టి చెప్పేవాళ్ళం.

మా ఆయన ఆ బాయిలర్ దగ్గరే పనిచేసేవాడు. పెళ్ళయిన కొత్తలో ఒక ఇరుకు గదిలో పెట్టాడు నన్ను. "ఇది టెంపరరీ. మంచి గది చూస్తాను" అన్నాడు. మంచం అరువు తెచ్చి అదీ టెంపరరీ అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచే నేను మొదట విన్నాను. పదేళ్ళు ఆ గదిలోనే, ఆ మంచం మీదే ఉన్నాం. తర్వాత జ్వరం వచ్చి అదే ఆస్పత్రి రెండో అంతస్తులో పోయాడు. నాకప్పుడు ముప్పై ఒకటి. పిల్లల్లేరు.

ఆయనకి ఒక్కతే అక్క. నాకు వదిన. తల్లి లేని తమ్ముణ్ణి పెంచింది ఆమే. పెళ్ళి చేసుకోలేదు. ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది, కుట్టుగదికి పెద్ద ఆమే. ఆయన పోయిన మూడోరోజున నా చెయ్యి పట్టుకుని కుట్టుగదికి తీసుకెళ్ళి మిషను ముందు కూర్చోబెట్టింది. "ఏడుస్తూ కుట్టు, ఏం పర్లేదు. గుడ్డ తడిస్తే ఇస్త్రీలో ఆరిపోతుంది" అంది. నన్ను తన క్వార్టరుకి తెచ్చేసుకుంది. రెండు చిన్న గదులు, ఒకటే పొయ్యి, ఒకటే దువ్వెన. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆమె చేసిన మంచి కూడా రాయకపోతే నేను అబద్ధం రాసినట్టవుతుంది.

ఇప్పుడు మా పని గురించి ఒక సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నేనెంత తెలివితక్కువదాన్నో మీకు అర్థం కాదు.

ఆస్పత్రిలో కింది సిబ్బంది అందరికీ బూడిదరంగు కోటు ఉంటుంది. దాని జేబు మీద వేలెడంత తెల్ల గుడ్డ పట్టీ, ఆ పట్టీ మీద నీలం దారంతో నేసిన ఇంగ్లీషు మాట ఒకటి. పర్మనెంట్ వాళ్ళకొకటి, టెంపరరీ వాళ్ళకొకటి. ఆ పట్టీలు కోట్లకి కుట్టేది మేమే. పర్మనెంట్ పట్టీని నాలుగు వైపులా దగ్గరగా, గట్టిగా కుట్టాలి. టెంపరరీ పట్టీకి కచ్చాకుట్టు వేయాలి. అంటే పెద్ద పెద్ద అంగలతో వదులుగా వేసి వదిలేసే కుట్టు. ఎందుకంటే టెంపరరీ వాళ్ళని పదకొండు నెలలకోసారి వారం రోజులు ఇంటికి పంపేవారు. ఆరోజు పొద్దున పట్టీ విప్పేయాలి. వారం పోయాక మళ్ళీ కొత్తగా చేరినట్టు స్టోరు వాళ్ళు కొత్త పట్టీ ఇస్తారు. ఒక దారం కొస పట్టుకుని లాగితే ఊడొచ్చేలా ఉండాలి కచ్చాకుట్టు. నా పట్టీ నేనే కుట్టుకునేదాన్ని, నేనే లాగేసుకునేదాన్ని.

వదిన రెండు కట్టలు విడివిడిగా ఇచ్చి "ఇవి గట్టివి, ఇవి కచ్చావి" అనేది. నేను కుట్టేదాన్ని. మరి మాట వంక చూడవా అని మీరు అడగొచ్చు. చూడలేదు. చదువు రానివాళ్ళు అక్షరాల్ని చూడరు. గోడ మీద బీటల్ని ఎవరు చూస్తారు? రెండు పట్టీల మీదా నీలం చీమలు బారు కట్టినట్టుండేది. ఈమధ్య లెక్కపెట్టాను, రెండు మాటలకీ తొమ్మిదేసి అక్షరాలే. నాకు మనిషి ఎలాంటివాడో తెలియాలంటే అక్షరం అక్కర్లేదు, కుట్టు చాలు. వరండాలో ఎవరెదురైనా ముందు కుట్టు చూసి ఆ తర్వాత మొహం చూసేదాన్ని.

పందొమ్మిదేళ్ళు అలా గడిచాయి. ఆ రోజుల్లోనే వదిన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు సూదిలో దారం ఎక్కించలేకపోయింది. తర్వాత మిషను కింద గుడ్డ వంకరపోయేది. ఎవరైనా వస్తే చెయ్యి కోటు జేబులో పెట్టుకునేది. నేను నా కుప్ప కుట్టి, ఆమె కుప్ప కూడా కుట్టేదాన్ని. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంట్లో ఆమెకి తల దువ్వేది కూడా నేనే.

అప్పుడే పిల్లల యూనిఫాంలు కుట్టే షాపు మేస్త్రీ ఒకాయన దారాల కోసం మా స్టోరుకి వచ్చి, నా చేతి పని చూశాడు. "ఇక్కడ పదకొండు నెలలకోసారి పట్టీ పీకించుకుంటూ ఎన్నాళ్ళమ్మా? మా దగ్గరికి రా. ఒక మిషను నీకిచ్చేస్తాను, నువ్వు పోయేదాకా నీదే. పైన గది కూడా ఖాళీగా ఉంది" అన్నాడు.

ఇంటికెళ్ళి వదినతో చెప్పాను. ఆమె పొయ్యి మీద గిన్నె దించి మూతపెట్టింది.

"వెళ్తావా?" అంది.

"నువ్వేమంటావు?"

"నాలుగు రోజులు ఆగు. ఆఫీసులో ఒక మాట కదిపి చూస్తాను."

నాలుగో రోజు సాయంత్రం నా కోటు చేతికిచ్చింది. జేబు మీద కొత్త పట్టీ. నాలుగు వైపులా దగ్గర కుట్టు, చేత్తో కుట్టింది.

"ఏంటిది వదినా?"

"చేత్తో తడిమి చూడు. నీకు చదువు రాదు గానీ కుట్టు వచ్చుగా."

తడిమాను. అక్కడక్కడా కుట్టు వంకరపోయింది. ఒకచోట దారం మీద దారం పడింది. ఆ వణికే చేత్తో, ఎన్నిసార్లు సూది గుచ్చుకుని ఉంటుందో, నాకోసం కూర్చుని కుట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకి అద్దుకున్నాను. ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. కన్నీళ్ళు దాచుకుంటోందనుకున్నాను.

మర్నాడు మేస్త్రీకి కబురు పంపాను, నాకు పర్మనెంట్ అయింది, రానని.

కత్తెరాయన ఆరోజు నా కోటు వంక చూశాడు. గుడ్డలు కత్తిరించే మనిషి, నన్ను చెల్లెమ్మా అంటాడు. నేను నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులు పెట్టుకుని పనిచేస్తానని నాకు గుండుసూది అని పేరు పెట్టింది ఆయనే. "మా గుండుసూది నోరు తెరిస్తే ముందు ఇనుము రాలుతుంది, తర్వాత మాట రాలుతుంది" అని అందరికీ చెప్పేవాడు. ఆరోజు పట్టీ చూసి, "బాగా గట్టిగా కుట్టించుకున్నావే చెల్లెమ్మా, ఇంక తుఫానొచ్చినా ఊడదు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన పట్టీ మీద మాట చదివి నవ్వాడు, నేను కుట్టు చూసుకుని నవ్వాను. అది నాకు ఎనిమిదేళ్ళ తర్వాత గాని తెలియలేదు.

ఆ ఎనిమిదేళ్ళూ ఏడాదికో వారం సెలవు దొరికేది. "పర్మనెంట్ వాళ్ళకి సెలవు వారం ఉంటుందే" అని చెప్పి వదిన కూడా అదే వారం సెలవు పెట్టేది. ఇద్దరం ఇంట్లో ఉండి గోడలకి సున్నం వేసుకునేవాళ్ళం, పరుపులు ఎండలో వేసేవాళ్ళం. ఒకసారి ఇద్దరం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిద్రపోయాం. నా బతుకులో అంత హాయిగా గడిచిన వారాలు లేవు. జీతం కవరు ఆమే తెచ్చిచ్చేది. పెరిగిన జీతమంతా ఆఖర్న ఒక్కసారే ఇస్తారంది. నేను ఇంకో మాట అడగలేదు. వదినని అడగడమేమిటి?

తర్వాత కుట్టుగదికి కొత్త మిషన్లు వచ్చాయి. వాటికి చిన్న అద్దం, దాని మీద ఇంగ్లీషులో మాటలు వెలుగుతాయి. ఏ మీట నొక్కాలో చదివితే గాని తెలియదు. అప్పుడే మూడో వార్డులో ఒకావిడ కాలు రెండుచోట్ల విరిగి నాలుగు నెలలుగా మంచం మీద ఉంది. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి. చెప్పకుండా ఉండలేక, దుప్పట్లు మార్చడానికి వచ్చినవాళ్ళకి కూడా పాఠం మొదలుపెట్టేది. రోజూ మధ్యాహ్నం భోజనం గంటలో నేను పలక పట్టుకుని ఆవిడ మంచం పక్కన కూర్చునేదాన్ని.

వదినకి నచ్చలేదు. "ఈ వయసులో నీకు అక్షరాలెందుకే? ఉన్న కళ్ళు కాస్తా పోతాయి. నీకు కావలసింది చదివిపెట్టడానికి నేను లేనూ?" అనేది. నా కళ్ళ మీద ఎంత ప్రేమో అనుకున్నాను.

తెలుగు వచ్చాక పంతులమ్మ ఇంగ్లీషు పెద్దక్షరాలు మొదలుపెట్టింది. అవి ఇరవైయారేనట. నాకు నవ్వొచ్చింది, ఇంత తక్కువ దానికి ఇంత గొప్పా అని.

సరిగ్గా ఆ వారమే నోటీసు బోర్డు మీద ఒక కాయితం అంటించారు. తెలుగులో ఉంది. నా అంతట నేను చదివిన మొదటి నోటీసు అది. కూడబలుక్కుంటూ చదువుతుంటే పావుగంట పట్టింది. కుట్టుపని బయటి కంపెనీకి ఇచ్చేస్తున్నారు. కుట్టు, ఇస్త్రీ విభాగాల్లో టెంపరరీ సిబ్బంది ఈ నెలాఖరు వరకే. పర్మనెంట్ సిబ్బంది పాత బట్టల మరమ్మతు చూసుకుంటారు.

పరిగెత్తుకుంటూ వచ్చి కుట్టుగదిలో అందరికీ చెప్పాను. చదివానన్న గర్వం ఒకటి. అది చెడ్డ కబురన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. మా ఇస్త్రీ అమ్మాయి టెంపరరీ. కచ్చాకుట్టు పట్టీ. ఆ పిల్ల పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను.

"బెంగ పెట్టుకోకే తల్లీ. చేతిలో పని ఉన్నవాళ్ళకి ఎక్కడో ఒకచోట దొరక్కపోదు. నేనున్నానుగా, ఏదైనా చూద్దాం."

ఆ పిల్ల నా మొహం చూసింది, నా జేబు చూసింది. "మరి నీ సంగతేంటి పిన్నీ?" అంది.

"నాకేమైందే?"

వదిన మిషను దగ్గర్నించి, "అమ్మాయ్, ఇస్త్రీపెట్టె అలా వదిలేశావు, గుడ్డ మాడుతోంది చూడు" అంది. గుడ్డేం మాడలేదు. కాని ఆ పిల్ల లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పంతులమ్మ, "రోజూ నీ కళ్ళముందుండే ఇంగ్లీషు మాట ఒకటి తీసుకురా. దాన్ని చదవడం నేర్చుకుందాం" అంది. నేను వెతుక్కోనక్కర్లేకపోయింది. కోటు జేబు ఆవిడ ముందుకి పెట్టాను.

"ఇది నా మాటమ్మా. నాకు దీని అర్థం తెలుసు, అక్షరాలే తెలియాలి."

"అర్థం ఏంటి?"

"పర్మనెంట్."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది. ఇంకోసారి చూసింది. "ఎవరు చెప్పారు?"

"మా వదిన."

పంతులమ్మ మంచం పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు తీసుకుని తాగకుండానే మళ్ళీ పెట్టేసింది. "నేను చదవను. నువ్వే చదువు. ఒక్కొక్కటే చదువు" అంది.

పట్టీ నాకు తలకిందులుగా కనపడుతోందని కోటు విప్పి ఒళ్ళో పరుచుకున్నాను. మొదటిది బట్టలు తగిలించే కొయ్యలా ఉంది. "టి" అన్నాను. తర్వాతది మూడు పళ్ళున్న దువ్వెన, "ఇ". ఆ తర్వాత రెండు కొండలు, "ఎం". "పి". గుండీలాంటిది, "ఓ". "ఆర్." "ఏ." మళ్ళీ "ఆర్." చివరిది రెండుగా చీలిన కొమ్మ, "వై".

"ఇప్పుడు కలుపు."

"టె... టెం... టెంప..."

అక్కడ ఆగిపోయాను. ఆ మాట నేను పెళ్ళయిన నాటినుంచి కొన్ని వేలసార్లు విన్న మాట. దాని ఆకారం ఎలా ఉంటుందో అప్పుడే చూశాను. కలపనక్కర్లేకపోయింది. అయినా పంతులమ్మ ముందు పాఠం మధ్యలో వదిలేయడం బాగుండదని మొత్తం చదివాను. "టెంపరరీ."

పక్క మంచం ఆవిడ దగ్గుతోంది. నేను పట్టీ చుట్టూ వేలితో తడుముతూ కూర్చున్నాను. గట్టి కుట్టు. నాలుగు వైపులా గట్టి కుట్టు.

పంతులమ్మకి ఏం మాట్లాడాలో తెలియలేదు. అలాంటప్పుడు పాఠాలు చెప్పేవాళ్ళు పాఠమే చెప్తారు. "ఇది విశేషణం" అని మొదలుపెట్టింది. "ఒంటరిగా నిలబడదు. దేన్నో ఒకదాన్ని పట్టుకుని ఉంటుంది. టెంపరరీ గది, టెంపరరీ దారి, టెంపరరీ ఉద్యోగం. ఇదిగో, నా కాలికున్న ఈ కట్టు టెంపరరీ. కొంతకాలమే ఉండేది అని అర్థం."

"కొంతకాలం అంటే ఎంత కాలమమ్మా?"

"అది ఈ మాట చెప్పదు. ఎప్పటికీ కాదు అని మాత్రం చెబుతుంది."

"ఇరవై ఏడేళ్ళయినా టెంపరరీ అనొచ్చా?"

ఆవిడ "అనకూడదు" అంది. మళ్ళీ, నిజం చెప్పే మనిషి కదా, "వ్యాకరణం ప్రకారం అనొచ్చు" అంది.

కుట్టుగదికి వెళ్ళేసరికి కత్తెరాయన ఒక్కడే ఉన్నాడు. వదిన స్టోరుకి వెళ్ళింది.

"అన్నయ్యా, నా పట్టీ మీద ఏముందో నీకు తెలుసా?"

కత్తెర ఆపాడు. "తెలియకపోవడమేమిటి చెల్లెమ్మా. ఎదురుగానే ఉందిగా."

"మరి ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్పేదేముంది? నీ గుండె మీద బోర్డులా వేసుకు తిరుగుతున్నావు. నీకు తెలుసనుకున్నాను." తర్వాత మెల్లిగా, "నీకు తెలియదా?" అన్నాడు. నేను పట్టీని చేత్తో కప్పుకునేసరికి ఆయన కత్తెర బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్ళిపోయాడు. ఆ పూట మళ్ళీ రాలేదు.

సాయంత్రం ఇంట్లో వదిన మంచం అంచున కూర్చుంది. నేను రోజూలాగే వెనక కూర్చుని తల దువ్వుతున్నాను. కోటు ఎదురుగా మేకుకి వేలాడుతోంది.

"వదినా, ఆ పట్టీ మీద ఏం రాసుంది?"

"ఎన్నిసార్లు చెప్పాలే? పర్మనెంట్."

"అక్షరాలు చెప్పు."

"ఏంటీ?"

"ఒక్కొక్క అక్షరమే చెప్పు. మొదటిది ఏంటి?"

దువ్వెన కింద ఆమె తల కదలడం మానేసింది. "పి" అంది.

"టి. పి నాలుగోది."

ఆమె వెనక్కి తిరగలేదు. "ఆ కాలు విరిగినావిడ నీ బుర్ర పాడుచేసింది" అంది.

"చదవడం నేర్పింది. అంతే."

"అయితే ఇప్పుడేం చేయమంటావు?"

"ఎందుకు చేశావో చెప్పు."

అప్పుడు తిరిగింది. ఆమె మొహంలో నేను పశ్చాత్తాపం వెతికాను. విసుగు కనిపించింది. ఏనాడో పూడ్చిన గొయ్యి నేనేదో పనిలేక తవ్వుతున్నట్టు చూసింది.

"నువ్వు వెళ్ళిపోతానన్నావు. నువ్వెళ్తే నా కుప్ప ఎవరు కుడతారు? ఈ చెయ్యి సంగతి బయటపడితే నన్ను పనిలో ఉంచుతారా? ఈ ఇల్లుంటుందా? మనిద్దరం రోడ్డు మీద పడేవాళ్ళం."

"ఇద్దరం ఎందుకు పడతాం? నాకు మేస్త్రీ గది ఇస్తానన్నాడు. నిన్నూ తీసుకెళ్ళేదాన్ని."

"వాళ్ళ మేడ మీద, నీ పంచన బతకాలా నేను?"

"నీ పంచన నేను బతకలేదా?"

"నా తమ్ముడు పోతూ పోతూ నిన్ను నా చేతుల్లో పెట్టాడు" అంది.

"పెట్టాడు. ఆ చేతులకి వణుకొస్తే నన్ను తెచ్చి నీ కోటుకి కుట్టేసుకున్నావు."

"నేనేం కొట్టానా, తిట్టానా? కూడు పెట్టలేదా? ఆ వారాలన్నీ నీతోపాటు సెలవు పెట్టి ఇంట్లో కూర్చోలేదా?"

నాకు మిగిలినదంతా ఒక ఎత్తు, ఆ వారాలు ఒక ఎత్తు. సున్నం వేసుకున్న గోడలు, ఎండలో పరుపులు, ఆ నిద్ర. అవి సెలవులు కావు. నన్ను పనిలోంచి తీసేసిన వారాలు. నాకు తెలియకుండా ఉండాలని ఆమె నాకు కాపలా కూర్చున్న వారాలు.

"ప్రతిసారీ కొత్త పట్టీ ఇస్తారుగా. అవేవి?"

గుండీల డబ్బా వైపు చూసింది. మూత తీశాను. అడుగున ఎనిమిది తెల్ల పట్టీలు, దారంతో చుట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ విప్పి చదివాను. ఎనిమిదిసార్లు అదే మాట.

"పారేయకపోయావా?"

"చెయ్యి రాలేదు" అంది. దాన్ని కూడా మంచితనంలా చెప్పింది.

కోటు తీసి ఆమె ఒళ్ళో పెట్టి చిన్న కత్తెర చేతికిచ్చాను. "నువ్వే కుట్టావుగా. నువ్వే విప్పు."

ఆమె కత్తెర పట్టుకుంది. మొన దారం కిందికి పోలేదు. పక్కకి జారి గుడ్డకి తగిలింది. రెండోసారీ అంతే. మూడోసారి నేను చూడలేక లాక్కున్నాను. జాలిపడి కాదు, కోటు చిరుగుతుందని. ఒక్కొక్క కుట్టూ నేనే విప్పాను. చాలాసేపు పట్టింది. పట్టీ ఊడొచ్చాక దానికింద గుడ్డ కొత్తదానిలా ముదురు రంగులో ఉంది. మిగతా కోటంతా వెలిసిపోయింది. దాని చుట్టూ వరసగా చిన్న చిన్న కన్నాలు. కచ్చాకుట్టుకి కన్నాలు పడవు. ఇవి పడ్డాయి.

డబ్బాలోంచి ఒక పట్టీ తీసి, దాన్ని కచ్చాకుట్టుతో వేసుకున్నాను.

"ఈ పన్నెండు రోజులైనా నా కుప్ప కుట్టిపెట్టు" అంది వదిన, దీపం తీసేముందు. "కాయితాల్లో వయసు తక్కువేగా, నాకింకా ఏడాదిన్నర సర్వీసుంది. తర్వాత సంగతి తర్వాత చూసుకుంటాను." అడిగిన తీరు చూస్తే ఉప్పు అందివ్వమన్నట్టే ఉంది.

మర్నాడు నా కుప్ప నేను కుట్టాను. సాయంత్రానికి అయిపోయింది. చేతులు తుడుచుకుని కూర్చున్నాను. వదిన కుప్ప అలాగే ఉంది. రెండోరోజుకి రెండింతలైంది. మూడోరోజుకి ఆపరేషన్ గది గౌన్లు కుర్చీ ఎత్తున పేరుకున్నాయి. కత్తెరాయన ఎవరి వంకా చూడకుండా గుడ్డ కత్తిరించేవాడు. ఇస్త్రీ అమ్మాయి ఒకసారి "పోనీ నేను కుట్టనా పిన్నీ" అని గొణిగింది. "నీ పని చూసుకో తల్లీ" అన్నాను.

నాలుగోరోజు మేట్రన్ గారి తెల్ల బూట్లు కిటికీలోంచి కనపడ్డాయి. మెట్లు దిగి వచ్చారు. "పైన గౌన్లు లేక డాక్టర్లు అరుస్తున్నారు. ఎవరిదీ కుప్ప?"

వదిన నా వంక చూసింది. ఎనిమిదేళ్ళ అలవాటు. ఆ చూపుకి నేను ఎప్పుడూ లేచేదాన్ని, ఏదో ఒకటి చెప్పేదాన్ని, గుడ్డలందుకునేదాన్ని. నా కాళ్ళు ఆరోజు కూడా లేవబోయాయి. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి అదిమి పట్టుకున్నాను.

"నా కుప్ప అయిపోయిందమ్మా" అన్నాను. ఇంకొక్క మాట కూడా అనలేదు.

మేట్రన్ గారు వదిన దగ్గరికి వెళ్ళి, "కుట్టండి, నేను నిలబడతాను" అన్నారు. వదిన జేబులోంచి చెయ్యి తీసింది. గుడ్డ సూది కిందికి పెట్టబోయింది. చెయ్యి మిషను బల్లకి తగిలి టకటకమని చప్పుడైంది. గదిలో అందరికీ వినపడింది. మేట్రన్ గారు ఆ చెయ్యి పట్టుకుని ఆపారు. "ఎన్నాళ్ళనించి?" అని అడిగారు, మెత్తగానే.

అప్పుడు నాకు సంతోషమేసిందని రాస్తే అబద్ధం. వేయలేదని రాసినా అబద్ధమే.

వదినని ఏం చేశారో తెలుసా? కుర్చీ మార్చారు. అంతే. పై అంతస్తులో, రోగుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఇత్తడి బిళ్ళలిచ్చే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. జీతం అదే, క్వార్టరు అదే. పర్మనెంట్ కదా, తీసెయ్యరట. ఫ్యాను కింద పని. చెయ్యి వణికితే వచ్చినవాళ్ళే బిళ్ళ అందుకుంటారు. ఎనిమిదేళ్ళ కిందట ఆమె నోరు తెరిచి "నా చెయ్యి వణుకుతోంది" అని ఒక్క మాట చెప్పినా ఇదే చేసేవారు. దీనికోసమా వదినా, అని అడగాలనుంది. ఇప్పటిదాకా అడగలేదు. ఆమెకి కూడా ఆ సంగతి తోచే ఉంటుంది. తోచనట్టు ఉంటుందని మాత్రం నాకు తెలుసు.

నెలాఖరున పొద్దున దారం కొస పట్టుకుని లాగాను. పట్టీ ఊడొచ్చింది. ఇస్త్రీ అమ్మాయిది కూడా నేనే లాగాను. ఆ పిల్లకి ఒక హోటల్లో దుప్పట్ల పని దొరికింది. కత్తెరాయన తన కత్తెరల్లో చిన్నదాన్ని కాయితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "నేను చెప్పి ఉండాల్సింది చెల్లెమ్మా" అన్నాడు. అవును అన్నాను. పర్లేదు అనాలనిపించలేదు.

యూనిఫాం షాపుకి వెళ్ళాను. మేస్త్రీ పోయి నాలుగేళ్ళయిందట, ఆయన కూతురు నడుపుతోంది. నా కుట్టు చూసి పనిలోకి తీసుకుంటానంది, పైన గదిలో ఉండమంది. ఒక కాయితం ముందు పెట్టి వేలిముద్రకి సిరా డబ్బా జరిపింది. నేను డబ్బా మూత పెట్టేసి కాయితం చదవడం మొదలుపెట్టాను. అరగంట పట్టింది. ఆమె మధ్యలో రెండుసార్లు గడియారం చూసింది. రెండో వరసలోనే ఉంది ఆ మాట. అది చూడగానే గుర్తుపట్టాను, ఇప్పుడు ఎక్కడున్నా గుర్తుపడతాను. టెంపరరీ, ఆరు నెలలు. ఇక్కడా నేను అదే. కాకపోతే ఎన్నాళ్ళో రాసుంది, చదివింది నేను. కింద సంతకం పెట్టాను. ఇప్పటికి మూడుసార్లు కొత్త కాయితం రాశారు. మూడుసార్లూ చదివాకే పెట్టాను.

వదిన కబుర్లు పంపుతుంది. తల దువ్వడానికి ఎవరూ లేరట, జుట్టు పొట్టిగా కత్తిరించేసుకుందట. ఒకసారి వచ్చి పొమ్మంటుంది. వెళ్ళలేదు. ఆ బూడిదరంగు కోటు నా పెట్టెలో ఉంది. ఎన్నిసార్లు ఉతికినా జేబు మీద కన్నాలు పూడలేదు. కుట్టు తెలిసినదాన్ని, పూడవని నాకు ముందే తెలుసు.

ఇట్లు,
అందరూ గుండుసూది అని పిలిచే మనిషి. అసలు పేరు సంతకంలో ఉంది, నా చేత్తో రాసిందే.
వయసు అరవై.
ఉండేది యూనిఫాం షాపు మేడ మీద, వీధివైపు గదిలో. ఇక్కడి కిటికీలోంచి మనుషుల మొహాలు కనిపిస్తాయి.